రాయలసీమ ఆర్డర్లు త్వరగా చేరాలంటే: కర్నూలు, అనంతపురం, కడపల్లో గోడౌన్ అద్దెకు తీసుకునే పద్ధతి

హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో సరుకు పంపే ఆన్‌లైన్ వ్యాపారికి సీమ ఆర్డర్లు పెరిగే కొద్దీ ఒకటే ఫిర్యాదు వినబడుతుంది: "బుక్ చేసి నాలుగు రోజులైంది, ఇంకా రాలేదు." వెంటనే తట్టే ఆలోచన, ఇక్కడే ఒక గోడౌన్ తీసుకుందామని. ఆలోచన మంచిదే. అయితే గోడౌన్ తగ్గించేది దారిలో పోయే గంటల్ని మాత్రమే. మీ ప్యాకింగ్ బల్ల దగ్గర పోయే గంటలు, పికప్ తప్పిపోయి గడిచే రాత్రులు అద్దె కట్టినంత మాత్రాన తగ్గవు. కాబట్టి షెడ్డు వెతికే ముందు ఆర్డర్ల షీట్ తెరవాలి.

మొదటి అడుగు: గంటలు ఎక్కడ పోతున్నాయి?

గత మూడు నెలల ఆర్డర్లు ఎక్సెల్‌లోకి దించుకోండి. ప్రతి ఆర్డర్‌కూ ఐదు సమయాలు కావాలి: కస్టమర్ బుక్ చేసింది ఎప్పుడు, మీ దగ్గర ప్యాకై లేబుల్ పడింది ఎప్పుడు, కొరియర్ అబ్బాయి స్కాన్ చేసి తీసుకెళ్ళింది ఎప్పుడు, కస్టమర్ ఊరి హబ్‌కు (కొరియర్ వాళ్ళు పార్సిళ్ళు దించి వేరుచేసే కేంద్రం) పార్సిల్ చేరింది ఎప్పుడు, ఇంటికి ఇచ్చింది ఎప్పుడు. ఇదంతా ట్రాకింగ్ హిస్టరీలో ఉంటుంది. అన్ని ఆర్డర్లకూ తీయడం కష్టమైతే ఓ రెండు వందలు ఏరుకుని చూసినా బొమ్మ తేలుతుంది.

ఇప్పుడు ఒక సమయానికీ మరో సమయానికీ మధ్య తేడాలు తీయండి. బుకింగ్‌కూ ప్యాకింగ్‌కూ మధ్య రోజున్నర పడుతుంటే అది మీ ఇంటి సమస్య, కర్నూల్లో షెడ్డు తీసుకున్నా మీ వెంటే వస్తుంది. ప్యాకైన డబ్బా మర్నాటి పికప్ దాకా కూర్చుంటే కొరియర్‌తో టైం మాట్లాడుకుంటే సరిపోతుంది, పైసా ఖర్చు లేదు. పికప్ నుంచి కస్టమర్ ఊరి హబ్ దాకా పట్టే కాలం, అదొక్కటే గోడౌన్‌తో నిజంగా తగ్గేది. ఆఖరి ముక్క, అంటే హబ్ నుంచి ఇంటికి, కొరియర్ చేతిలో ఉంటుంది. పల్లెకు బండి రోజూ వెళ్ళకపోతే మీరు పక్కనే ఉన్నా ఒరిగేదేమీ లేదు.

చాలామంది దూరాన్ని తిట్టుకుంటారు గానీ దూరం అసలు పెద్ద విషయం కాదు. హైదరాబాద్ నుంచి కర్నూలు సుమారు 215 కిలోమీటర్లు. బెంగళూరు నుంచి అనంతపురం కూడా ఇంచుమించు అంతే. రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీదే ఉన్నాయి, లారీకి ఐదారు గంటల దారి. మరి మూడు రోజులు ఎక్కడ పోయాయి? పార్సిల్ ఒక హబ్‌లో దిగి, సార్టింగ్ కోసం ఆగి, బండి నిండేదాకా ఉండి, ఇంకో హబ్‌లో మళ్ళీ దిగడంలో పోయాయి. దగ్గర్లో గోడౌన్ ఉంటే ఈ ఎక్కడం దిగడం ఒకటి రెండు తగ్గుతాయి. మీరు అద్దె కట్టి కొనుక్కునేది ఇదే. కడప విషయంలో ఒక మాట అదనం: రాయచోటి వైపు పోయే బండ్లకు గువ్వలచెరువు ఘాట్ ఉంది, అక్కడ ఒక లారీ అడ్డం పడితే ఆ రోజు లెక్కలన్నీ తారుమారే.

రెండో అడుగు: మూడు అంకెలతో ఊరు తేల్చుకోండి

ఆర్డర్లను జిల్లా పేరుతో వడపోయకండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి నంద్యాల, హిందూపురం, రాయచోటి కొత్త జిల్లాల్లోకి వెళ్ళాయి. కస్టమర్లు కొందరు పాత పేరు, కొందరు కొత్త పేరు టైప్ చేస్తారు. పిన్‌కోడ్‌కు ఆ గొడవ లేదు. మొదటి మూడు అంకెలు చూస్తే చాలు: 515 అంటే పాత అనంతపురం జిల్లా, 516 కడప, 518 కర్నూలు. చుట్టుపక్కలవి కూడా కలుపుకోండి: 509 మహబూబ్‌నగర్ వైపు, 517 చిత్తూరు, తిరుపతి వైపు, 583 బళ్ళారి, 584 రాయచూరు.

ఇలా గుంపులు చేశాక ఊరు దాదాపు తనంతట తనే తేలుతుంది. 518, 509, 584 బరువుగా ఉంటే కర్నూలు. 515, 583 బరువుగా ఉంటే అనంతపురం. 516తో పాటు తిరుపతి వైపు 517 ఎక్కువగా ఉంటే కడప. మూడూ సమానంగా ఉన్నాయని మూడు చోట్లా షెడ్లు తీసుకోకండి. ఒకచోట మొదలుపెట్టి, అది నిలబడ్డాక రెండోది.

ఇందులో ఒక మెలిక ఉంది. హిందూపురం పిన్‌కోడ్ 515తోనే మొదలవుతుంది గానీ ఆ ఊరు అనంతపురానికి ఎంత దూరమో బెంగళూరికీ ఇంచుమించు అంతే. మీ కొరియర్ హిందూపురం పార్సిళ్ళను బెంగళూరు హబ్ నుంచి నేరుగా పంపుతుంటే, అనంతపురం గోడౌన్ నుంచి పంపితే అవి వెనక్కి బెంగళూరు వెళ్ళి మళ్ళీ పైకి రావచ్చు. కాబట్టి ఊరు ఖాయం చేసే ముందు ప్రతి కొరియర్ కంపెనీ స్థానిక మేనేజర్‌నూ ఒకటే అడగండి: "ఇక్కడ సాయంత్రం ఇచ్చిన పార్సిల్ హిందూపురం, ఆదోని, ప్రొద్దుటూరు, నంద్యాల పోవాలంటే ముందు ఏ హబ్‌కు పోతుంది?" జవాబు విని, నాలుగు ఉత్తుత్తి పార్సిళ్ళు పంపి చూసుకోండి. మేనేజర్ చెప్పే దారీ బండి పోయే దారీ ప్రతిసారీ ఒకటి కావు.

కర్నూలు వాళ్ళకు ఇంకో జాగ్రత్త. తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ. అవతల షెడ్డు చవగ్గా దొరుకుతోందని బ్రోకర్ చెబితే, ఆ షెడ్డుకు తెలంగాణలో విడిగా జీఎస్టీ రిజిస్ట్రేషన్, విడిగా రిటర్నులు ఉంటాయని గుర్తుంచుకోండి. అద్దెలో మిగిలింది ఆడిటర్ ఫీజులో పోతుంది. తెలంగాణలో మీకు ముందే రిజిస్ట్రేషన్ ఉంటే మాత్రం అది ఆలోచించదగ్గ బేరమే.

మూడో అడుగు: ఒక్కో ఆర్డర్ మీద ఎంత పడుతుంది?

ఇక్కడ అంకెలు లెక్క నేర్చుకోవడానికి వేసుకున్నవి, మీవి మీరు వేసుకోండి. నెలకు అద్దె 30,000, ఇద్దరు మనుషులకు 30,000, కరెంటు, ఇంటర్నెట్, రాత్రి వాచ్‌మన్, చిల్లర మల్లర 15,000 అనుకుందాం. మొత్తం 75,000. ఈ గోడౌన్ నుంచి నెలకు 3,000 ఆర్డర్లు పోతే ఒక్కోదాని మీద 25 రూపాయలు. 1,200 మాత్రమే పోతే 62 రూపాయల 50 పైసలు.

రెండో వైపు, మిగిలేది రాయండి. దగ్గరి జోన్ కాబట్టి కొరియర్ ఛార్జీలో 20 తగ్గిందనుకుందాం. త్వరగా చేరడం వల్ల క్యాష్ ఆన్ డెలివరీ రిటర్నులు తగ్గి ఆర్డర్‌కు సగటున ఇంకో 10 మిగిలిందనుకుందాం. 30 మిగిలితే 75,000 పూడడానికి నెలకు 2,500 ఆర్డర్లు కావాలి. మీకు సీమ నుంచి వచ్చేవి వెయ్యే అయితే గోడౌన్ ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టి అయిదో అడుగుకు వెళ్ళండి.

రిటర్నుల లెక్క మీద నాకు కొంచెం పట్టుదల. నాలుగో రోజు వచ్చిన పార్సిల్‌ను "వద్దులే అన్నా, పక్క షాపులో కొనేసినా" అని తిప్పి పంపే కస్టమర్ సీమలో కొత్తేమీ కాదు. పోనూ రానూ ఛార్జీ మీదే పడుతుంది, సరుకు వారం పైన దారిలో ఇరుక్కుంటుంది. డెలివరీ వేగం లాభంగా మారేది ఎక్కువగా ఇక్కడే. అందుకే డెలివరీ రోజుల వారీగా రిటర్న్ శాతం విడిగా తీయండి. రెండో రోజు చేరినవాటికీ నాలుగో రోజు చేరినవాటికీ తేడా కనబడకపోతే మీ సరుకుకు వేగం అవసరం అంతగా లేదన్నమాట. ధర్మవరం పట్టుచీర కొనేవాళ్ళు రెండు రోజులు ఆగుతారు, ఫోన్ ఛార్జర్ కొనేవాళ్ళు ఆగరు.

నాలుగో అడుగు: ఎంత చోటు?

అందరూ కావలసినదానికి రెండింతలు తీసుకుంటారు. ఓనర్ మొత్తం షెడ్డు ఒకరికే ఇవ్వాలని చూస్తాడు, మనకూ పెద్ద షెడ్డు చూస్తే ముచ్చటేస్తుంది. లెక్క కట్టి చూస్తే అంత అక్కర్లేదు.

మీ దగ్గర ఎప్పుడూ ఉండే స్టాకు 6,000 పీసులు, ఒక్కో కార్టన్‌లో 24 పడతాయనుకోండి. 250 కార్టన్లు. కార్టన్ లోతు 2 అడుగులు, వెడల్పు, ఎత్తు ఒకటిన్నర అడుగు చొప్పున ఉంటే, 6 అడుగుల పొడవు, 2 అడుగుల లోతున్న ర్యాకులో ఒక్కో అరలో నాలుగు పడతాయి. నాలుగు అరలకు 16. అంటే 16 ర్యాకులు చాలు. ర్యాకులు నిలబడే నేల 192 చదరపు అడుగులు. మధ్యలో మనిషి, ట్రాలీ తిరగడానికి మూడడుగుల దారులు వదిలితే దీనికి రెండున్నర రెట్లు, అంటే 480. సరుకు దించుకునే చోటు, ప్యాకింగ్ బల్లలు, పికప్‌కు సిద్ధంగా ఉన్న డబ్బాలు, రిటర్నుల మూల, ఒక చిన్న ఆఫీసు కలిపి ఇంకో 500. దసరా, సంక్రాంతి రద్దీకి సగం అదనం వేసినా 1,500 చదరపు అడుగులతో సుఖంగా సాగిపోతుంది.

అన్ని రకాల సరుకూ ఇక్కడ పెట్టనక్కర్లేదు. సీమ పిన్‌కోడ్లలో బాగా కదిలేవి ఏరితే ఆర్డర్లలో ఎక్కువ భాగం కొద్ది రకాల నుంచే వస్తున్నాయని తెలుస్తుంది. అవే ఇక్కడికి తెండి. నెలకు ఒకటీ రెండూ అమ్ముడయ్యేవి పాత గోడౌన్ నుంచే పోనివ్వండి. ఒకే ఆర్డర్‌లో రెండు రకాలూ కలిసి వచ్చేవి ఎన్ని ఉన్నాయో మాత్రం చూసుకోండి. అవి రెండు పార్సిళ్ళుగా చీలి ఖర్చు పెంచుతాయి.

అయిదో అడుగు: ముందు ఇంకొకరి గోడౌన్‌లో

ఆర్డర్లు తక్కువైనా, నమ్మకం కుదరకపోయినా, మూడు నెలలు ఇంకొకరి చోటులో ప్రయత్నించండి. పీసుకు ఇంతని తీసుకుని స్టాకు పెట్టి, ప్యాక్ చేసి ఇచ్చే సంస్థలు ఉంటాయి. పెద్ద మార్కెట్‌ప్లేస్‌లలో అమ్మేవాళ్ళు వాళ్ళ గోడౌన్లలోనే సరుకు పెట్టొచ్చు. అన్నిటికన్నా చవకైనది, ఊళ్ళో పేరున్న హోల్‌సేల్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర వెనక గది. ఆయన షట్టర్ ఎప్పుడు తీస్తాడు, ఆదివారం తీస్తాడా అన్నది ముందే మాట్లాడుకోండి. పరాయి చోటైనా మీ స్టాకు అక్కడ ఉంటే కింద చెప్పబోయే జీఎస్టీ నియమం వర్తిస్తుంది.

ఆరో అడుగు: షెడ్డు చూడటం

బ్రోకర్ ఉదయం పదింటికి రమ్మంటాడు. చల్లగా ఉంటుంది, అన్నీ బాగున్నట్టు కనిపిస్తాయి. మీరు మధ్యాహ్నం రెండింటికి వెళ్ళండి, వీలైతే ఏప్రిల్, మే నెలల్లో. రేకుల షెడ్డులో ఆ వేళ నిలబడి చెయ్యి పైకెత్తితే వేడి సంగతి చేతికే తెలుస్తుంది. ర్యాకు పై అరలో ఉండే సరుకు ఆ వేడిలోనే రోజంతా ఉంటుంది. చాక్లెట్, లిప్‌స్టిక్, కొవ్వొత్తి, గమ్ముతో అతికించిన చెప్పులు తట్టుకోవు. ప్యాకింగ్ టేపు కూడా దుమ్ముపట్టిన అట్ట మీద ఆ వేడికి ఊడుతుంది. పైన తిరిగే గాలి టర్బైన్లు ఉన్నాయా, ఉంటే తిరుగుతున్నాయా, రేకు కింద వేడి ఆపే షీట్ వేశారా చూడండి. లేకపోతే అవి ఎవరు వేయించాలో అద్దె బేరంలోనే తేల్చుకోవాలి.

షట్టర్ మూయించి లైట్లు ఆర్పించండి. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక పైకి చూడండి. రేకుల్లో ఎక్కడ చిల్లులు ఉంటే అక్కడ వెలుగు చుక్కలు కనబడతాయి, నేల మీద రూపాయి బిళ్ళంత ఎండ పడుతుంది. ఎన్ని చుక్కలున్నాయో ఫోటో తీసుకోండి, వానాకాలంలో కారేది సరిగ్గా అక్కడే. తర్వాత గోడల కింది భాగం చూడండి. మోకాలి ఎత్తులో అడ్డంగా గోధుమరంగు గీత ఉండి, పైన మాత్రమే కొత్త సున్నం ఉంటే నీళ్ళు వచ్చి పోయాయన్నమాట.

నీళ్ళ గురించి ఓనర్‌ను అడగడం కన్నా ఎదురుగా ఉన్న టీ కొట్టు ఆయన్ను అడగండి: "అన్నా, పెద్ద వాన పడితే ఈడ నీళ్ళు ఎంత ఎత్తు వస్తాయి?" సీమలో వానలే ఉండవు, వరద ఎక్కడిదని కొట్టిపారేయకండి. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగింది. దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురంలో 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలు నీళ్ళలో ఉన్నాయి. కడపలో బుగ్గవంక ఒడ్డు కాలనీల వాళ్ళకు ఈ మాట ఎవరూ చెప్పనక్కర్లేదు. వంకకు దగ్గరగా, రోడ్డు కన్నా పల్లంలో ఉన్న షెడ్డు సగం ధరకు ఇచ్చినా వద్దు.

నేల సంగతి. కడప బండలు పరిచిన నేల చల్లగా ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ అతుకుల్లో దుమ్ము పేరుకుంటుంది, ట్రాలీ చక్రం ప్రతి అతుకు దగ్గరా ఎగిరి పడుతుంది. నున్నటి కాంక్రీటు నేల మేలు. ఒక చెంబు నీళ్ళు పోయండి, ఎటు పారుతున్నాయో చూడండి. షట్టర్ వైపు పారితే మంచిది, లోపలికి పారితే వాన చినుకు కూడా లోపలికే.

పాత వేరుశనగ మిల్లులు, ఆదోని వైపు పాత జిన్నింగ్ షెడ్లు అద్దెకు దొరుకుతుంటాయి. ఎత్తు, విశాలం, ధర అన్నీ నచ్చుతాయి. కానీ ఏళ్ళ తరబడి కాయలు నిలవున్న చోట ఎలుకలు అంత తేలిగ్గా ఊరు వదలవు. మూలల్లో పెంట ఉందా, తలుపు చెక్కకు చెద మట్టి పట్టిందా చూడండి. నూనె వాసన బట్టలకు పడుతుంది, చీరలు, దుప్పట్లు అమ్మేవాళ్ళు ఆ జోలికి పోకండి. స్టీలు సామాను, ప్లాస్టిక్ అమ్మేవాళ్ళు బాగా కడిగించి, పురుగుల మందు కొట్టించి తీసుకోవచ్చు.

బండి సంగతి ఆఖర్న చెబుతున్నాను గానీ తక్కువది కాదు. మీకు సరుకు తెచ్చేది 32 అడుగుల కంటైనరా, 14 అడుగుల బండా? పెద్ద బండి గేటు దగ్గర తిరగాలి, పైన కరెంటు తీగలు తగలకూడదు. పగలు పెద్ద బండ్లను ఆ రోడ్డులోకి రానిస్తారో లేదో ట్రాఫిక్ పోలీసులను అడగండి. ఊరి మధ్య షెడ్డుకు ఆ చిక్కు ఎక్కువ, బైపాస్ పక్కన తక్కువ. బైపాస్ పక్కనైతే మీ ప్యాకింగ్ అమ్మాయిలు రాత్రి ఎనిమిదికి ఇంటికెలా వెళ్తారన్నది ఇంకో చిక్కు. ఆటో దొరికే చోటు చూసుకోండి, లేదంటే మనుషులు నిలవరు.

ఏడో అడుగు: ఓనర్ కాగితాలు

ఈసీ, అంటే ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయించండి. ఆస్తి బ్యాంకు తాకట్టులో ఉందా, కోర్టు అటాచ్‌మెంట్ ఉందా అందులో తెలుస్తుంది. తాకట్టులో ఉంటే బ్యాంకు నుంచి అనుమతి పత్రం తెమ్మనండి. ఆయన లోను కట్టకపోతే తాళం పడేది మీ సరుకు మీద.

ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఎవరి పేరున ఉన్నాయో చూడండి. మన దగ్గర షెడ్డు చాలాసార్లు అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి. అద్దె మాట్లాడేది పెద్దాయన, కరెంటు బిల్లు చనిపోయిన తండ్రి పేరున, ఒక వాటా చెల్లెలిది. "మా తమ్ముడు ఏమనడు సార్, నేను చెప్తున్నా కదా" అంటే మర్యాదగా నవ్వి, హక్కున్న అందరి సంతకాలూ అడగండి. జీఎస్టీ ఆఫీసరుకు ఇవే కాగితాలు చూపాలి, అక్కడ పేర్లు కలవకపోతే దరఖాస్తు ఆగుతుంది.

షెడ్డు పొలంలో కట్టి ఉంటే వ్యవసాయేతర భూమిగా మార్చిన కాగితం, కట్టడానికి ప్లాన్ అప్రూవల్ అడగండి. నగరంలో కార్పొరేషన్, నగరం బయటైతే పంచాయతీతో పాటు పట్టణాభివృద్ధి సంస్థ ఇందులో ఉంటాయి: కర్నూలుకు కుడా, అనంతపురానికి అహుడా, కడపకు అన్నమయ్య పట్టణాభివృద్ధి సంస్థ. కరెంటు పాత బకాయిలు లేవని ఎస్పీడీసీఎల్ బిల్లు చూసి నిర్ధారించుకోండి. మీటరు ఇంటి కేటగిరీలో ఉంటే కమర్షియల్‌కు మార్పించాలి, లేకపోతే తనిఖీలో జరిమానా పడుతుంది.

ఎనిమిదో అడుగు: అగ్రిమెంట్

పదకొండు నెలల అగ్రిమెంట్ మన దగ్గర మామూలు. ఎందుకంటే ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి పదకొండు. ప్రయత్నంగా తీసుకునే చోటుకు అది చాలు. కానీ ర్యాకులు, వైరింగ్, కెమెరాల మీద లక్షలు పెట్టబోతుంటే మూడేళ్ళ లీజు రాసి రిజిస్టర్ చేయించండి. మూడేళ్ళకని రాసుకుని రిజిస్టర్ చేయించకపోతే అందులో మీకు మేలు చేసే షరతులు కోర్టులో నిలబడటం కష్టం. నెలనెలా సాగే అద్దెదారుగా మిగులుతారు. అప్పుడు చట్టం మీకిచ్చేది 15 రోజుల నోటీసే.

లాకిన్ (అగ్రిమెంట్‌ను మధ్యలో వదులుకోకూడని కాలం) గురించి గట్టిగా మాట్లాడండి. ఓనర్‌కు మూడేళ్ళూ లాకిన్ ఉండాలి, అంటే ఆయన మిమ్మల్ని లేపకూడదు. మీకు ఆరు నెలలో, మహా అయితే ఏడాదో. ఆ తర్వాత రెండు మూడు నెలల నోటీసుతో మీరు ఖాళీ చేయగలగాలి. మొదటిసారి విని ఓనర్ ఒప్పుకోడు. అద్దెలో రూపాయి పెంచైనా ఇది తెచ్చుకోండి. ఆర్డర్లు రాకపోతే మిమ్మల్ని బయట పడేసేది ఈ ఒక్క వాక్యమే.

అడ్వాన్స్ ఎంతన్నది బేరం. అది ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో, ఆలస్యమైతే ఏం చేయాలో రాయించండి. ఏటా పెంపు శాతం అంకెలో ఉండాలి, "మార్కెట్ ప్రకారం" అన్న మాట వద్దు. పైకప్పు, గోడలు, డ్రైనేజీ మరమ్మతు ఓనర్‌ది, లోపలి రోజువారీది మీది. వరద, అగ్నిప్రమాదం వల్ల షెడ్డు వాడలేని రోజులకు అద్దె ఉండదని రాయించండి. మీరు బిగించిన ర్యాకులు, ఫ్యాన్లు, కెమెరాలు మీరే విప్పుకుపోవచ్చన్నది కూడా కాగితం మీద ఉండాలి. అద్దె కొలిచేది ఏ కొలతకో టేపు పట్టి ఇద్దరూ చూసుకోండి. కొందరు గోడ మందం, బయటి అరుగు, వాచ్‌మన్ గది కలిపి చదరపు అడుగులు చెబుతారు.

ర్యాకులు బిగించే పదిహేను, ఇరవై రోజులకు అద్దె వద్దని అడగడానికి మొహమాటపడకండి. ఖాళీగా ఉన్న షెడ్డుకు చాలామంది ఒప్పుకుంటారు.

తొమ్మిదో అడుగు: పన్నులు, లైసెన్సులు

ఆంధ్రప్రదేశ్‌లో మీకు ఇప్పటికే జీఎస్టీ నంబరు ఉంటే కొత్తది అక్కర్లేదు. ఈ గోడౌన్‌ను అదనపు వ్యాపార స్థలంగా చేర్చాలి, మార్పు జరిగిన 15 రోజుల్లోపు. మీ రిజిస్ట్రేషన్ హైదరాబాద్‌దో బెంగళూరుదో మాత్రమే అయితే ఆంధ్రప్రదేశ్‌లో కొత్తగా తీసుకోవాలి. సరుకు అక్కడి నుంచి ఇక్కడికి తెచ్చుకోవడం కూడా పన్ను ఇన్వాయిస్ మీదే, పన్ను కట్టి ఇక్కడ క్రెడిట్ తీసుకోవడమే, అంటే కట్టినదాన్ని ఇక్కడి అమ్మకాల పన్నులోంచి తగ్గించుకోవడమే. కొంతకాలం డబ్బు అందులో ఇరుక్కుంటుంది, ముందే లెక్కలో పెట్టుకోండి. అదే విజయవాడ గోడౌన్ నుంచి ఒకే నంబరు మీద కర్నూలుకు తెచ్చుకుంటే డెలివరీ చలాన్ చాలు, విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు ఉండాలి.

అద్దె మీద జీఎస్టీ 18 శాతం. ఓనర్‌కు జీఎస్టీ నంబరు లేకపోతే నాకు పన్నే లేదనుకోకండి. 2024 అక్టోబరు 10 నుంచి, నంబరు లేని ఓనర్ దగ్గర కమర్షియల్ చోటు తీసుకున్న రిజిస్టర్డ్ వ్యాపారి ఆ 18 శాతం తనే రివర్స్ ఛార్జ్ కింద కట్టాలి. తర్వాత క్రెడిట్ తీసుకోవచ్చు. టర్నోవర్ మీద కొద్ది శాతం పన్ను కట్టే కాంపొజిషన్ స్కీములో ఉన్నవాళ్ళకు దీని నుంచి మినహాయింపు ఉంది. నెల అద్దె 50,000 దాటితే టీడీఎస్ కూడా, అంటే ఓనర్ ఆదాయపు పన్ను కింద అద్దెలోంచే కొంత, కోయాలి. ఎంత శాతమన్నది మీరు కంపెనీయా, ఆడిట్ పరిధిలో లేని వ్యక్తా అన్నదాన్ని బట్టి మారుతుంది, ఆడిటర్‌తో మాట్లాడుకోండి. ఓనర్‌కు ఈ కోత సంగతి మొదటి రోజే చెప్పండి, మొదటి నెల అద్దె తగ్గి వచ్చినప్పుడు గొడవ ఉండదు.

తినే వస్తువులు ఉంచితే ఆ గోడౌన్ చిరునామాకు విడిగా ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ కావాలి, హైదరాబాద్ లైసెన్స్ ఇక్కడ చెల్లదు. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్, కార్మిక శాఖ దగ్గర షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్, అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ మీ షెడ్డు సైజుకు అవసరమా అన్న ప్రశ్న, ఇవి మామూలే. ఎన్‌ఓసీ అవసరం లేకపోయినా మంటలార్పే సిలిండర్లు షట్టర్ పక్కన, ప్యాకింగ్ బల్ల పక్కన పెట్టండి. అట్ట, థర్మోకోల్, బబుల్ షీట్ ఉన్న గదిలో నిప్పురవ్వ ఎంతో సేపు రవ్వగా ఉండదు.

బీమా తప్పనిసరిగా చేయించండి. ఒకే చోట ఉన్న ఆస్తి, సరుకు విలువ 5 కోట్ల లోపైతే భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్ష పాలసీ ఉంది. అగ్ని, తుఫాను, వరద అందులో వస్తాయి. తాళం పగలగొట్టి చేసే దొంగతనానికి విడిగా పాలసీ తీసుకోవాలి. పండగ సీజన్లో స్టాకు రెండింతలైతే బీమా మొత్తం కూడా పెంచండి, లేకపోతే నష్టంలో కొంత భాగమే వస్తుంది.

పదో అడుగు: లోపలి అమరిక

వేగం నిజంగా పుట్టేది ఇక్కడ. ప్రతి అరకూ ఒక కోడ్ రాయండి: ర్యాకు అక్షరం, అర అంకె, ఉదాహరణకు 'క-3'. ఆర్డర్ లిస్టులో వస్తువు పేరు పక్కన ఆ కోడ్ రావాలి. బాగా కదిలేవి ప్యాకింగ్ బల్లకు దగ్గరగా, నడుము ఎత్తులో. నెలకోసారి కదిలేవి పైన, దూరంగా. కింది అర నేలకు ఆరంగుళాలైనా ఎత్తులో ఉండాలి, కడగడానికీ, తేమకూ, ఎలుకలకూ.

డబ్బా సైజులు మూడు నాలుగుకు మించి పెట్టకండి, కానీ అవి మీ సరుకుకు సరిగ్గా ఉండాలి. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి వచ్చిన కిలోలను అసలు బరువుతో పోల్చి, ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తాయి. 40, 30, 20 సెంటీమీటర్ల డబ్బా అయితే 4.8 కిలోలు. లోపల ఉన్నది ఒకటిన్నర కిలో గిన్నెల సెట్టే అయినా.

పికప్ టైం. కొరియర్ అబ్బాయి నాలుగింటికి వస్తానంటాడు. అతన్ని కాకుండా హబ్‌లో అడగండి, ఊరి బయటికి పోయే పెద్ద బండి ఎన్నింటికి బయలుదేరుతుందో. అది రాత్రి తొమ్మిదికి అయితే పార్సిల్ ఏడున్నరకు హబ్‌లో ఉండాలి, మీ దగ్గర ఆరున్నరకు సిద్ధంగా ఉండాలి, అంటే ఐదింటిదాకా వచ్చిన ఆర్డర్లు ఆ రోజే పోతాయి. ఇలా వెనక నుంచి లెక్క కట్టి వెబ్‌సైట్‌లో "5 లోపు ఆర్డర్ చేస్తే ఈ రోజే పంపుతాం" అని రాయండి. అవసరమైతే మీరే ఒక ఆటో మాట్లాడుకుని హబ్‌కు చేరవేయండి. ఆ ఆటో ఖర్చుకు ఒక రోజు ఆదా అవుతుంది.

లేబుల్ ప్రింటర్‌కూ వైఫై రౌటర్‌కూ చిన్న యూపీఎస్ పెట్టండి. సాయంత్రం ఐదు, ఏడు మధ్య కరెంటు పోతే ఆ రోజు ఆర్డర్లన్నీ రేపటికే. సరుకు దింపే రోజు ఆ ప్రాంతం హమాలీలతో కార్టన్‌కు ఇంతని ముందే మాట్లాడుకోండి, లారీ నిలబెట్టుకుని బేరమాడితే పని అవ్వదు.

ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది: మార్కెట్‌ప్లేస్ ఖాతాలో పికప్ చిరునామా మార్చినప్పుడు రిటర్న్ చిరునామా కూడా మార్చండి. అది విడిగా ఉంటుంది. మార్చకపోతే ఆదోని కస్టమర్ వెనక్కి పంపిన వస్తువు కర్నూలు పక్కనుంచే హైదరాబాద్ పోతుంది.

తర్వాత: మూడు నెలలు చూసి

పిన్‌కోడ్ మొదటి మూడు అంకెల వారీగా బుకింగ్ నుంచి డెలివరీకి పట్టిన గంటలు, రిటర్న్ శాతం, ఆర్డర్‌కు ఖర్చు వారానికోసారి రాసుకోండి. మొదటి నెల అంకెలు బాగుండవు, మనుషులు కొత్త, కోడ్లు కొత్త, టెన్షన్ పడకండి. మూడో నెలాఖరుకు మీరు మూడో అడుగులో వేసుకున్న బ్రేక్ ఈవెన్ (ఖర్చు పూడే ఆర్డర్ల సంఖ్య) దగ్గరికి రాకపోతే కారణం మొదటి అడుగులోని ఏ ముక్కలో ఉందో మళ్ళీ చూడండి. సరుకు ఇక్కడ ఉండదగ్గ రకం కాకపోతే ఆ రకాలు వెనక్కి పంపండి. ఆర్డర్లే లేకపోతే లాకిన్ తీరే తేదీని క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకుని, నోటీసు ఎప్పుడివ్వాలో వెనక నుంచి లెక్కపెట్టండి.

ఖాళీ చేసేటప్పుడు నోటీసు రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో పంపండి, వాట్సాప్ ఒక్కటే నమ్ముకోవద్దు. చివరి రోజు ఓనర్ ఎదురుగా ఖాళీ షెడ్డు వీడియో, మీటరు రీడింగ్ ఫోటో తీసుకుని, తాళాలు ఇచ్చినట్టు రెండు వాక్యాలు రాయించి సంతకం పెట్టించుకోండి. జీఎస్టీలో ఆ అదనపు స్థలం తీసేయించండి, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ ఉంటే అదీ సరెండర్ చేయండి. కొరియర్ పికప్ చిరునామా పాతదే ఉండిపోతే ఆ ఖాళీ షెడ్డు ముందుకే రోజూ బండి వచ్చి, "పికప్ ఫెయిల్" అని మీ ఖాతాలో పడుతూనే ఉంటుంది.